రేడియేటర్‌లో మంచినీళ్లు

శనివారం రాత్రి

...కాబట్టి నిన్న రాసినంత భయపడాల్సిన పని లేదేమో. కారుకి కొత్త రేడియేటర్‌ని నాన్న, నేను కలిసి ఇంటి ముందే బిగించేశాం. పాతదానికి అడుగున చిల్లులు పడ్డాయి. మా కోట ఊళ్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, నాన్న ఇన్నేళ్లూ అవే పోశాడు. ఇవాళ కూడా గొట్టాలు బిగించగానే ఆయన చెయ్యి బోరు నీళ్ల బకెట్ మీదకే పోయింది. నాన్నకు నేనెప్పుడూ ఎదురు చెప్పను. అయినా "అవి వద్దు నాన్నా, దీన్ని కూడా తినేస్తాయి" అన్నాను.

నాన్న బకెట్ పక్కకి జరిపాడు. "అయితే నువ్వే పొయ్యి."

అమ్మ చూడకుండా వంటింట్లోంచి మినరల్ వాటర్ క్యాన్ మోసుకొచ్చి, కూలెంట్ కలిపి పోశాను. గోళ్లలో ఇంకా గ్రీజు ఉంది. కడుక్కోవాలని లేదు.

రేపు పొద్దున్నే నానమ్మని కంటి ఆపరేషన్‌కి నెల్లూరు తీసుకెళ్లాలి. దారిలో మళ్లీ కారితే, నా మాట విన్నందుకే అంటారేమో...

ఎవరో తలుపు కొడుతున్నారు. నాన్నే.

"ఏందిమే, ఇంకా నిద్రపోలా? టార్చ్ ఏసి చూసినా, కారు కింద చుక్క లేదు. మీ అమ్మ క్యాన్ ఏదని అడగతా ఉండాది, ఏం చెప్పమంటావు?"

ముందు ఈ కాగితాలు దిండు గలీబులోకి.