కట్టంతా వెనక్కి

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరూ క్షేమమని రాయడం ఆనవాయితీ. ఈ వార్డులో అందరూ క్షేమంగా ఉంటే డాక్టరమ్మకు పనేముంటుంది చెప్పు? అయినా నేను బాగానే ఉన్నాను. నీ మణికట్టు నొప్పి తగ్గిందని, కట్టు విప్పేశారని రాశావు. ఆ మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

నిద్ర పడుతోందా అని అడిగావు. పడుతోంది. మాత్రలు వేసుకుంటున్నాను, నాలుక కింద దాచడం మానేశాను. పక్క మంచం మాష్టారు ఇంకా నన్ను పోలీసు ఇన్‌స్పెక్టరనే అనుకుంటున్నారు. పొద్దున లేవగానే "ఏం సార్, నా కేసు ఎంతవరకు వచ్చింది?" అంటారు. "నడుస్తోంది మాష్టారూ" అంటాను. ఆయనకు అదే తృప్తి. నవ్వొస్తుంది గానీ, ఆయన్ని చూసి నవ్వే మొహమా నాది!

డాక్టరమ్మ ఏం చేయిస్తోందని కూడా అడిగావు. మొన్న రెండు డబ్బాలు తెచ్చింది. ఒకదాంట్లో తెల్ల గుండీలు ఎక్కువ, నల్లవి తక్కువ. రెండోదాంట్లో నల్లవి ఎక్కువ. నాకు కనబడకుండా ఒక డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఒక్కో గుండీ తీసి చూపిస్తూ, "ఇది ఏ డబ్బానో నమ్మకం కుదిరాకే చెప్పండి" అంది. నల్లది వచ్చింది. మళ్లీ నల్లదే. నల్ల డబ్బా అనేశాను.

"తొందరేముంది? ఇంకా చూడొచ్చుగా?"

"ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలమ్మా. నేను రెండు చూశాను."

ఆమె తీస్తూనే ఉంది. తెల్లది, తెల్లది, ఒక నల్లది, మళ్లీ వరసగా తెల్లవి. నాకు ఒళ్లు మండింది. "మధ్యలో డబ్బా మార్చేశారు మీరు!" అన్నాను. ఆమె నవ్వలేదు. "మీ అమ్మాయిని కూడా మార్చేశారనే అన్నారు కదండీ" అంది మెల్లగా.

నా బతుకంతా చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల దగ్గరే గడిచిందని నీకు తెలుసు. కట్టలో రెండు చొక్కాలకు కుట్టు జారితే మిగతావి విప్పి చూసేది లేదు, కట్టంతా వెనక్కే. కుట్టేవాళ్లు తిట్టుకునేవారు, మేనేజరు మాత్రం "ఈయన కన్ను పడితే దారప్పోగు కూడా దాక్కోలేదు" అని మురిసిపోయేవాడు. ఆ కన్నుతోనే నిన్నూ చూశాను. ఒకరోజు నువ్వు పాపిడి పక్కకు తీశావు. ఆ సాయంత్రమే నా గది తలుపు తట్టి లోపలికి వచ్చావు. నా కూతురు ఏనాడూ తలుపు తట్టి ఎరగదు. అంతే, రెండు తప్పులు దొరికాయి. ఈమె నా కూతురు కాదు, నా పిల్లను ఎక్కడో దాచి ఈమెను పంపారు అని తేల్చేశాను.

మోకాలి మీద చిన్నప్పటి మచ్చ చూపించావు. మచ్చ కూడా అచ్చు దించారనుకున్నాను. ఏడ్చావు. ఎంత బాగా నేర్పి పంపారో అనుకున్నాను. నువ్వు ఏ రుజువు తెచ్చినా నా అనుమానానికి మేతే అయింది. చివరికి "నా పిల్ల ఎక్కడ?" అంటూ నీ చెయ్యి మెలిపెట్టాను. వెతికింది నీ కోసమే తల్లీ, విరిచింది కూడా నీ చేతినే.

ఇక రాయకుండా దాటేద్దామనుకున్న సంగతి. పోయిన వారం నువ్వు వచ్చినప్పుడు డాక్టరమ్మ ముందు "చిట్టితల్లీ" అని నీ తల నిమిరాను. నువ్వు నా చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చావు. నాన్న గుర్తుపట్టాడు, శుక్రవారం ఇంటికి తెచ్చేసుకుంటాను అని నీ ఉత్తరం నిండా అదే సంబరం. అది అబద్ధం. ఇంటికి పంపిస్తారని ఆడిన నాటకం. నా చేతి కింద ఉన్న తల నా కూతురిది కాదని మనసు మొండికేస్తూనే ఉంది.

ఉత్తరంలో నువ్వు నువ్వే. ఒక్క అక్షరం మీద కూడా అనుమానం రాదు. ఎదురుగా కుర్చీలో కూర్చుంటే మాత్రం వేరే మనిషివైపోతావు. ఇద్దరూ ఒకరేనని డాక్టరమ్మ ఓపిగ్గా చెబుతుంది, నేను తల ఊపుతాను, కానీ ఆ మాట లోపలికి దిగదు. ఇప్పుడు ఆమె నేర్పుతున్నది ఒక్కటే, తేల్చేయకుండా ఆగడం. "పాపిడి మార్చుకోవడానికి ఇంకేం కారణం ఉండొచ్చు?" అని అడిగింది. చాలాసేపటికి "అలా బాగుంటుందనేమో" అన్నాను. అంత చిన్న మాటకు ఒళ్లంతా చెమట పట్టింది.

అమ్మ పోయాక ఆ ఇంట్లో మనిద్దరమే. నేను వస్తే ఏదో ఒకరోజు, నిన్ను ఎక్కడ దాచావో చెప్పమని మళ్లీ నీ మీదికే వస్తాను. అందుకే శుక్రవారం డిశ్చార్జి కాగితాల మీద సంతకం పెట్టకు. డాక్టరమ్మకు ఈ ఉదయమే నిజం చెప్పేశాను. నీకు చెప్పడానికే ప్రాణం ఒప్పలేదు.

మరి చూడటానికి రావాలా, మానాలా అని అడుగుతావు. రా. ఈసారి నటించను. ముద్దుగా పిలవను, తల నిమరను, మొహం తిప్పుకున్నా తిప్పుకుంటాను. ఎవరమ్మా నువ్వు అని నీ మొహం మీదే అడిగినా అడుగుతాను. అయినా రా తల్లీ.

ఇట్లు,
ఉత్తరంలో తప్ప నిన్ను గుర్తుపట్టలేని
నీ నాన్న