ఐరేని కుండ మీద రైలు

చిరంజీవి తమ్ముడు సాయిలుకు కామారెడ్డి నుంచి నీ అక్క రాజవ్వ దీవించి చెప్పి రాయించేది. ఇక్కడ నేను, బిడ్డ లక్ష్మి, అల్లుడు బాగానే ఉన్నాము. అక్కడ నువ్వు, మరదలు ఎల్లవ్వ, పెండ్లిపిల్ల పుష్ప బాగున్నారా? చిన్నమ్మకు దగ్గు తగ్గిందా? ఆమె సంగతి ముందుగా రాయించు.

ఈ ఉత్తరం రాస్తున్నది పక్కింటి షాహీన్. జాకెట్లు కుడుతుంది, పది దాకా చదివింది. "అవ్వా, తిట్లు గూడ రాయాల్నా?" అని అడుగుతున్నది. "రాయి. తిట్లు లేకుంటే నా తమ్ముడు నా ఉత్తరమని నమ్మడు" అన్నాను.

మన ఊరి పోశయ్య మొన్న బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. పుష్ప పెండ్లికని నేను పంపిన ఐరేని కుండ సంగతి అడిగితే చాయ్ బాగుందని మాట మార్చాడు. గుచ్చి గుచ్చి అడిగితే నీ మాట చెప్పాడు. "ఐరేని మీద రైలేంది? పిల్ల కాపురం నిలుస్తదా, రైలు లెక్క పోతనే ఉంటదా? అక్కకు టౌను గాలి తగిలింది" అన్నావట. కుండను కొట్టంలో పెట్టించావట, బర్రెకు తవుడు నానబెట్టడానికి. పుష్ప పెండ్లి కుండలకు ఎల్లారెడ్డిలో బోర్డులు రాసే మనిషిని మాట్లాడావట, డబ్బా రంగులతో చేపలు వేయడానికి. అప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు సాయిలూ. చలి వల్ల అని లక్ష్మికి చెప్పాను.

ముప్పై ఏండ్లు మన ఊళ్లో ఎవరి పెండ్లికి డప్పులతో వచ్చి ఐరేని కుండలు ఎత్తుకుపోయినా, కుమ్మరి సారె తిప్పింది నువ్వు, సున్నం, ఎర్రమట్టి జాజు పూసింది నేను. మీ బావ పోయాక లక్ష్మి నన్ను ఇక్కడికి తెచ్చుకుని రెండు వానకాలాలు అయింది. అల్లుడి చాయ్ బండి స్టేషన్ ముందర, మా గది దాని వెనక. గది అంతా సిమెంటు. మొదటి నెలలోనే గోడకు జాజు పూస్తే ఇంటి యజమాని వచ్చి, "ముసలమ్మా, ఇది నీ పల్లె అనుకున్నవా?" అని నా చేతనే కడిగించాడు. చాలా రోజులు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తినడానికి గట్క లేక కాదు, పని లేక చిక్కిపోయాను.

తరువాత షాహీన్ పారేసే గుడ్డముక్కలు ఏరి, చింతగింజల జిగురుతో బస్తా మీద అంటించాను. నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లను చేశాను. గీతతో కాకుండా ముక్క పక్కన ముక్క పెట్టి బొమ్మ చేయవచ్చని ఈ వయసులో తెలిసింది. ఆ తెలివితోనే మళ్లీ కుండ పట్టాను. డబ్బా పక్కన డబ్బా, కుండ నడుము చుట్టూ రైలు.

ఎందుకు రైలు అంటావా? పుష్ప పోయేది భిక్నూర్‌కు. రోజూ ఆ పిల్ల చెవిలో పడేది రైలు కూతే. పుట్టింటికి రావాలంటే ముందు ఆ రైలెక్కే రావాలి.

నువ్వు పట్టుబట్టే ఆ చేపలు తాతలనాటివి అనుకుంటున్నావు. కావు. పోచారం కట్ట కట్టినప్పుడు అమ్మ చూసి వచ్చి, అన్ని నీళ్లు ఒక్క దగ్గర చూసిన సంబురంలో, ఆ యేడే కుండల మీద చేపలు దించింది. అంతకు ముందు ఒట్టి గీతలు, చుక్కలే. నువ్వు అప్పటికి పుట్టలేదు. అప్పుడూ ఊళ్లో నవ్వారు. చిన్నమ్మ అమ్మ పక్కనే కూర్చుని సున్నం కలిపింది, అడుగు. చేప మాత్రం ఒక్క దగ్గర నిలుస్తుందా? నా ఐరేని మీద అవే చేపలు. మీ బావతో నలభై ఏండ్లు ఒకే ఇంట్లో ఉన్నాను.

ఇదంతా గట్టిగా చెప్తున్నాను కానీ నాకూ భయమే. ఒకవేళ నువ్వన్నదే నిజమైతే? రేపు పుష్పకు చిన్న కష్టం వచ్చినా, "మేనత్త రైలు గీసింది" అంటారు. "ఈ మాట తీసెయ్యనా అవ్వా?" అంటున్నది షాహీన్. ఉండనీ అన్నాను. ఇక్కడ నాకు గోడ లేదు. అక్కడ కుండ కూడా లేదంటే ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?

అందుకే తీర్పు చిన్నమ్మకు విడిచాను. బుధవారం మొదటి బస్సుకు వస్తున్నాను. ఐదు కుండలు కాల్చి ఉంచు, సున్నం నానబెట్టు, వాగు ఒడ్డు జాజు తెప్పించు. ఎల్లారెడ్డి మనిషిని అప్పటిదాకా ఆపు. చిన్నమ్మ వద్దంటే రైలు గీయను. కానీ చేపలూ గీయను. అమ్మకంటే ముందటి ఒట్టి గీతలే గీస్తాను. అప్పుడు నీ నోరు మూతపడుతుంది.

ఎల్లవ్వకు, పుష్పకు నా దీవెనలు. చిన్నమ్మ కాళ్లకు నా తరపున మొక్కి, నన్ను దీవించమని చెప్పు.

ఉత్తరం వినగానే కొట్టంలోకి పోయి ఆ కుండ తీసి చూరు కింద బోర్లించు. సున్నం తడికి ఆగదు. తీసేటప్పుడు ఒక్కసారి చుట్టూ తిప్పి చూడు, ఇంజను పోయి చివరి డబ్బానే అందుకుంటుంది. కుండ చుట్టూ తిరిగే రైలు ఇల్లు విడిచి ఎక్కడికి పోతుంది తమ్మీ? ఇప్పటికే చెరిగిపోయి ఉంటే మాత్రం ఆ ముక్క జవాబులో రాయించకు. వచ్చి నా కండ్లతోనే చూసుకుంటాను.

నీ మేలు కోరే అక్క
రాజవ్వ, వేలిముద్ర