పాండిచ్చేరి సీటు

మంగళవారం.

రొయ్యలు కొనేవాళ్లు ప్రతిసారీ చెరువు గట్టు మీద నిలబడి "అమెరికాలో రేటు పడిందండి" అంటారు. ఎందుకు పడిందో ఇన్నేళ్లలో ఒక్కడూ చెప్పలేదు. అడిగితే, నీకెందుకన్నట్టు చూస్తారు.

ఇవాళ మనవరాలు దివ్య చెప్పింది. దేశాలు పంతాలకి పోయి సరుకు మీద పన్నులు వేస్తాయంట. ఆ సంగతులే నేర్పే చదువు ఇంటర్నేషనల్ రిలేషన్స్ అంట. పాండిచ్చేరిలో గవర్నమెంటు యూనివర్సిటీలో దానికి సీటొచ్చింది. ఫీజు బాగా తక్కువ.

నా కొడుకు సత్తిబాబు మాత్రం హైదరాబాదులో ప్రైవేటు కాలేజీయే అంటాడు. "తక్కువ ఫీజంటే నలుగురిలో నామోషీ నాన్నా." తక్కువకొచ్చేది మంచిదెలా అవుద్దని నేనూ నోరు జారాను.

దివ్య ఊరుకోలేదు. "రొయ్యపిల్లల్ని రేటు చూసి కొంటావా తాతయ్యా? బేసిన్లో నీళ్లు తిప్పి, ఎదురీదినవే తెస్తావు కదా. అక్కడా పరీక్ష పెట్టే తీసుకుంటారు. నేను నెగ్గాను" అంది.

తప్పు నాదేనని దాని ముందు ఒప్పుకోలేదు గానీ ఇక్కడ రాస్తున్నాను.

చేరడానికి శుక్రవారం ఆఖరంట, కాగితం మీద తండ్రి సంతకం కావాలంట. అన్నం దగ్గర అడిగితే సత్తిబాబు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. రేపు పొద్దున్నే మొహం మీదే అడుగుతాను. ఒరే, ఆ కాగితం మీద సంతకం పెడతావా, పెట్టవా? గురువారం పొద్దుగూకేలోగా నాకు జవాబు కావాలి.