దూది తడిసిన రోజులు

అత్తకు,

పిచ్చుక నమస్కారాలు. నేను బాగున్నాను. నువ్వు బాగున్నానని రాయక్కర్లేదు, ఎలా ఉన్నావో రాస్తే చాలు.

మా ఆఖరి సంవత్సరం నాటకం మొదలైంది. ఆరుగురం కలిసి చేస్తున్నాం. దీనికి స్క్రిప్టు లేదు. పొద్దున్నే హాలు ఊడ్చుకుని గోడవారగా కూర్చుంటాం. ఎవరికి ఏది తోస్తే అది చేసి చూపిస్తారు, మిగతావాళ్ళు దానికి ఇంకొంచెం కలుపుతారు. అలా కలపగా కలపగా నాటకం తయారవుతుందని మా మాస్టారి నమ్మకం. ఇప్పటిదాకా దుమ్ము మాత్రం తయారైంది. పెద్ద కిటికీల్లోంచి ఎండ పడినప్పుడు ఆ దుమ్ము మన పరుపుల కొట్లో ఎగిరే దూదిలాగే తేలుతుంది. దాన్ని చూస్తూ కూర్చుంటే నా వంతు వచ్చిన సంగతే తెలియదు.

విషయం మనసు జబ్బు. మొన్న ఒక డాక్టరమ్మ వచ్చి మాతో మాట్లాడింది. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు, దీనికి ఎక్కడ చెయ్యి పెట్టాలో ఇంట్లోవాళ్ళకి తెలియదు అంది. నేను ఒకావిడ వేషం వేస్తున్నాను. వానలు మొదలవగానే ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంటుంది. హాస్టల్లో కూడా అదే సాధన చేస్తున్నాను.

నీ మేనకోడలు,
పిచ్చుక

తా.క.: గోడవైపు తిరిగి పడుకున్న నన్ను చూసి వార్డెను కడుపునొప్పి మాత్ర ఇచ్చింది. నటన బాగున్నట్టా, లేనట్టా?

~

పిచ్చుకకు,

అత్త ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి కళ్ళజోడు పెట్టుకుని.

స్క్రిప్టు లేని నాటకమేంటే? రాసినవాడంటూ ఒకడు లేకపోతే, బాగాలేనప్పుడు జనం ఎవర్ని తిట్టుకోవాలి? గుడ్డ సంచి లేకుండా దూది పోగేసి పరుపు అంటే ఎవరైనా పడుకుంటారా?

అయినా పట్టపగలు గోడవైపు తిరిగి పడుకోవడాన్ని సాధన అనరు, జబ్బు అంటారు. అది నీకే వచ్చింది. ఇదంతా ఆ హాస్టలు పరుపు చేసిన పని. కొబ్బరిపీచు కుక్కి కుడతారు, మనిషి ఒక పక్కకి దొర్లి గోడకి అతుక్కోక ఏం చేస్తుంది? మంచి దూదితో పరుపు కుట్టి పంపిస్తున్నాను. దాని మీద పడుకో, బుద్ధి దానంతటదే సర్దుకుంటుంది.

ఆ వేషం మాత్రం మానెయ్. డాక్టరమ్మ వేషం ఉంటుంది కదా, అది అడుగు. తెల్లకోటులో నిండుగా ఉంటావు.

మీ అత్త

తా.క.: ఆవిడ వానల్లోనే ఎందుకు పడుకోవాలి? ఎండాకాలం పడుకోమను. ఎండల్లో అందరూ పడుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు.

~

అత్తకు,

నాకు ఏ జబ్బూ లేదు. నటిస్తున్నాను, అంతే.

మాస్టారు మొదటిరోజే చెప్పారు: జుట్టు విరబోసుకోవద్దు, విరగబడి నవ్వొద్దు, పక్కింటివాళ్ళలా ఉండండి చాలు అని. అంతకన్నా కష్టమైన పని ఇంకోటి లేదు. మాలో ఒకడు, వేసిన తాళాన్ని మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసుకునే మనిషి వేషం వేస్తున్నాడు. సాధన ముదిరి ఇప్పుడు కాలేజీలో ఉన్న తాళాలన్నీ లాగి చూస్తున్నాడు. వాడి పేరు తాళంగాడని స్థిరపడిపోయింది. వాచ్‌మన్ హాయిగా నిద్రపోతున్నాడు.

వాన మేమే కురిపిస్తాం. ఐదుగురు చెక్క నేల మీద వేళ్ళు ఆడిస్తారు. మొదట ఒక్క వేలు, తర్వాత అన్ని వేళ్ళూ, ఆ తర్వాత అరచేతులు. కళ్ళు మూసుకుంటే చూరు కారుతున్నట్టే ఉంటుంది. నిన్న ఒకమ్మాయి లేచి వెళ్ళి కిటికీలు మూసింది, తర్వాత అందరం నవ్వుకున్నాం. ఆ వానలో నేను పడుకుని ఉంటాను. ఎవరొచ్చి లేపినా ఒక్కటే సాకు చెప్తాను: "దూది తడిసింది." ఆవిడ పరుపులు కుట్టే మనిషి అని తేల్చాం.

పిచ్చుక

తా.క.: పని కోసం అడుగుతున్నాను, తడిసిన దూది ఎన్నాళ్ళకి ఎండుతుంది?

~

పిచ్చుకకు,

వీధిలో అందరికీ నీకు ఒంట్లో బాగాలేదని చెప్పేశాను. ఇస్త్రీ బండి ముసలాయన "చదువు ఎక్కువైతే అంతేనమ్మా, తలకి గాలి ఆడదు" అన్నాడు. టైలరు షాపులో కాజాలు కుట్టే పని ఖాళీగా ఉంది, నీ కోసం అట్టే పెట్టమన్నాను. నాటకం రోజు నేనే వస్తున్నాను. ఖాళీ ట్రంకుపెట్టె తెస్తాను, నీ సామాను సర్దుకుని నువ్వు నాతో బయల్దేరు.

లోకంలో ఇన్ని పనులుంటే పరుపులు కుట్టేదే దొరికిందా నీకు? ఉల్లిపాయలమ్మే ఆవిడ అని మార్చు. "ఉల్లిపాయలు కుళ్ళాయి" అని పడుకుంటే చూసేవాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. పరుపుల సంగతి ఎవరికి పట్టింది!

మీ అత్త

తా.క.: దూది ఎన్నాళ్ళకి ఎండుతుందని అడిగావు. అది మనిషిని బట్టి ఉంటుంది.

~

అత్తకు,

నీ పరుపు చేరింది. హాల్లో విప్పగానే ఒకరి తర్వాత ఒకరం ఊరికే ఒరిగి చూశాం. మొదట గుర్రు పెట్టింది మాస్టారు. సాయంత్రం లేచాక "ఇవాళ చాలా లోతైన పని జరిగింది" అన్నారు. ఇప్పుడు మా వేదిక ఆ పరుపే.

అత్తా, ఇది నవ్వులాట కాదు. నాటకం ఆడకుండా నువ్వు నన్ను తీసుకెళ్ళిపోతే నాకు పట్టా రాదు. మనింట్లో బడి గుమ్మం ఎక్కిన మొదటిదాన్ని నేను. పరుపు గుడ్డ మీద సుద్దముక్కతో నీకు అక్షరాలు దిద్దించింది నేను. అవే అక్షరాలతో నువ్వు నన్ను కాజాలు కుట్టడానికి రమ్మంటున్నావు. ఉల్లిపాయలావిడ నాకు తెలియదు. ఈవిడ తెలుసు. ఇంతకన్నా అడక్కు.

రావద్దని అననులే. కానీ వస్తే వెనక వరసలో కూర్చో.

పిచ్చుక

తా.క.: తాళంగాడు నీ ట్రంకుపెట్టెకి తాళం ఉందా అని అడగమన్నాడు.

~

పిచ్చుకకు,

వస్తున్నాను. పెట్టె ఖాళీగా ఉంది. ఎదురు చెప్పకు.

అత్త

తా.క.: తాళం ఉంది.

~

అత్తకు,

చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయావు? దీపాలు వెలిగేసరికి నీ కుర్చీ ఖాళీ. దాని కింద పెట్టె ఉంది, అదీ ఖాళీ.

మొత్తం నాటకంలో నాకున్నది ఒక్క డైలాగు. నేను నోరు తెరిచేలోపు చీకట్లో నువ్వు లేచి నిలబడి అది నువ్వే అనేశావు! స్క్రిప్టు ఉంటే తర్వాత మాట పట్టుకుని గట్టెక్కేదాన్ని. ఏం చెయ్యాలో తెలియక అలాగే పడుకుని ఉన్నాను. ఇంతలో నీ పక్క కుర్చీ కిర్రుమంది, ఆ తర్వాత ఇంకెవరిదో. ఏం మాట్లాడుతున్నారో నాకు వినపడలేదు, వానలో. దీపాలు వెలిగి ఇటు తిరిగేసరికి హాల్లో అందరూ నిలబడే ఉన్నారు.

పట్టా వస్తుందని మాస్టారు అన్నారు. అంతకన్నా ముందు "ఆ వెనక వరస పెద్దావిడని ఎక్కడినుంచి తెచ్చారు? మహానటి!" అన్నారు. మా అత్త అని చెప్పలేకపోయాను. నీకు కోపమొచ్చిందా? ఒక్క ముక్క రాయి.

పిచ్చుక

తా.క.: తాళంగాడు నీ పెట్టె తాళం రాత్రినుంచి వదలడం లేదు. అది నటనో కాదో మాకు తెలియడం లేదు. డాక్టరమ్మ దగ్గరికి తోడు వెళ్తున్నాను.

~

నా పిచ్చుకకు,

కోపం లేదు. సిగ్గు ఉండేది, దాన్ని మీ హాల్లోనే మర్చిపోయి వచ్చాను, పెట్టెతో పాటు.

గోడవైపు తిరిగి పడుకునే ఆవిడ అని రాశావు చూడు, మొదటి ఉత్తరంలో, అప్పుడే ఆవిడ నేనేనని పోల్చుకున్నాను. నీకు జబ్బేమీ లేదని నాకు ముందే తెలుసు. ఆ వేషం ఆపించాలని నీకే జబ్బు అంటగట్టాను, వీధంతా చాటాను. నేను నిజంగానే భయపడ్డానని నువ్వు నమ్మావు. మనింట్లో నటి నువ్వొక్కదానివే అనుకున్నావా? మీ మావయ్య పోయినప్పటినుంచీ ప్రతి వానాకాలం ఆడుతున్నాను. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు.

ఆ రోజు నువ్వు పరుపు మీద గోడవైపు తిరగ్గానే లేచాను. "పిల్లకి ఒంట్లో బాగాలేదు, ఆపండి" అందామని దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాను. లేచి చూస్తే ఆ ఐదుగురూ నీ వీపు వెనక కూర్చుని, ఒక చేత్తో వాన కురిపిస్తూ, ఇంకో గుప్పెట్లో దూది పెట్టుకుని ఊదుతున్నారు.

అది నువ్వు ఎవరికీ చెప్పి ఉండవనుకున్నాను. అప్పుడు ఇంత పిల్లవి, దూది తడిసిందని నేనంటే నిజమేననుకుని నా వెనక చేరి, పింజ పింజా తీసి ఊదేదానివి, ఆరిపోతే అత్త లేస్తుందని. నీ ఊపిరి నా వీపుకి తగిలేది. తిరిగి చూడాలనే ఉండేది. తిరగలేకపోయేదాన్నే తల్లీ.

ఆపండి అనబోయాను. నోట్లోంచి "దూది తడిసింది" అని వచ్చింది.

నా పక్కాయన నాటకంలో ఇదొక పద్ధతి కాబోలనుకున్నాడు. లేచి మెల్లిగా "మా అన్నయ్య తలనొప్పి అంటాడు" అన్నాడు. ముందు వరసావిడ "మా అమ్మ మోకాళ్ళంటుంది" అంది. ఇంకో కుర్రాడు "నేను బస్సు దొరకలేదంటాను" అన్నాడు. అలా లేస్తూనే ఉన్నారు. ఒక్కో ఇంట్లో ఒక్కో దూది తడుస్తోందన్నమాట! నేనొక్కదాన్నే అనుకుని ఇన్నేళ్ళు గోడకి చెప్పుకున్నాను.

దీపాలు వెలిగితే ఏడుపు ముఖం కనపడుతుందని ముందే వచ్చేశాను. పెట్టె నువ్వే ఉంచుకో, వేషాల బట్టలు పెట్టుకోవచ్చు. టైలరుకి కాజాల పని ఇంకెవరికైనా ఇమ్మని చెప్పాను. వీధిలో నీ జబ్బు నయమైందా అని అడుగుతున్నారు. జబ్బు దానిది కాదు, నాది అన్నాను. ఇస్త్రీ బండి ముసలాయన చొక్కా ఇస్త్రీ సగంలో ఆపాడు. తర్వాత ఏ డాక్టరో చెప్పమని నన్నే అడిగాడు.

అవును, వెళ్ళాను, మీ డాక్టరమ్మ దగ్గరికే. ఎన్నాళ్ళనుంచి అని అడిగింది. మా మేనకోడలు నాటకం వేసింది, చూడండి, అన్నీ అందులో ఉన్నాయి అన్నాను. "చూశాను, మీ వెనకే నిలబడ్డాను" అంది. మందులు రాసింది. మళ్ళీ రమ్మంది. ఆవిడ గదిలో పరుపు మహా ఘోరం, మధ్యలో గుంట పడింది. వచ్చేటప్పుడు కొలత తీసుకున్నాను.

మళ్ళీ నాటకం ఎప్పుడో రాయి. వెనక వరస నాది. మహానటి అన్నారుగా, మాస్టారితో చెప్పు, కుర్చీ మీద నా పరుపు ముక్క వేసుకుంటేనే వస్తానని.

మీ అత్త

తా.క.: ఇవాళ తెల్లవారుతూనే వాన. పడుకోలేదనను, కాసేపు పడుకున్నాను. తర్వాత లేచి చూస్తే కొట్టు చూరు కారుతోంది. ఈసారి దూది నిజంగానే తడిసింది. సెలవులకి వచ్చినప్పుడు ఊదుదువుగాని.