మంచివాళ్ళకీ కంచె

నా మొండి అన్నయ్యకి,

ఎదురుగా కూర్చుంటే ఇద్దరి గొంతులూ లేస్తాయి, అందుకే రాస్తున్నాను. మన బడికి నేనిక రాను. పక్క ఊరి బడిలో సైన్సు టీచరు ఉద్యోగం ఒప్పుకున్నాను, వచ్చే నెల చేరాలి.

పిల్లల మీద బెత్తం, టీచర్ల మీద పెత్తనం ఉండకూడదనే కదా ఇద్దరం కలిసి ఈ బడి పెట్టాం. అందులో మనకి వెంట్రుకవాసి తేడా లేదు. తేడా అంతా మనిషి దగ్గరే. మనిషి పుట్టుకతో మంచివాడు, ఏర్పాట్లే చెడగొడతాయి అంటావు నువ్వు. ముద్దు చేసే చేత్తోనే మొట్టికాయా వేస్తాం, ఎవరికైనా కంచె ఉండాలి అంటాను నేను. ఐదేళ్ళకి హెడ్మాస్టరు దిగిపోవాలన్న నియమం ఆ కంచే. నీ ఐదేళ్ళూ నిండబోతుంటే దాన్ని తీసేద్దామన్నావు.

నిన్న మన బడివాళ్ళందరి సభలో, కాదనేవాళ్ళే ముందు ఎదుటివాళ్ళ వాదం చెప్పాలన్న మన పద్ధతి ప్రకారం, నీ వాదాన్ని నేనే చెప్పాలి. నువ్వు "అవును, నా మాట ఇదే" అన్నాకే కాదనాలి. నిజాయితీగా చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే, నా వాదం మొదలుపెట్టేసరికే అందరూ నీవైపు వెళ్ళిపోయారు. ఓడిపోవడం కాదన్నయ్యా నా బాధ. ఓటుకి చేతులెత్తాక అందరి ముందూ నవ్వుతూ "నన్ను గెలిపించింది మా చెల్లెలే" అన్నావు. ఒళ్ళు మండిపోయింది. నువ్వలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఆ నవ్వు కింద పనిచెయ్యడం నా వల్ల కాదు. ఇంట్లో మాత్రం ఎప్పటికీ నా అన్నయ్యవే.

నీమీద కోపంతోనూ, బెంగతోనూ
నీ చెల్లెలు

*

మా పిడుగుకి,

నీ ఉత్తరం చదివి రెండ్రోజులు రుసరుసలాడుతూనే తిరిగాను. మనిషి మంచివాడు కాడంటే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ గురువారం ఒకటి జరిగింది. ఆఫీసుకి గది కావాలని డ్రాయింగు క్లాసుని వెనక షెడ్డులోకి మారుద్దామన్నాను. అక్కడ వెలుతురు చాలదని నాకూ తెలుసు. మామూలుగా అయితే డ్రాయింగు మాస్టారు నాతో పెద్ద యుద్ధమే చేసేవాడు. ఆ రోజు నా మొహం చూసి "మీ ఇష్టం సార్" అని ఊరుకున్నాడు. ఎందుకు వాదించలేదని అడిగాను.

"ఎలాగూ ఇక మీరే కదండీ ఉండేది. మీరు మంచివారు, మిమ్మల్ని నొప్పించడం దేనికి?" అన్నాడు.

అతను నాకు భయపడి ఊరుకుంటే కోప్పడేవాణ్ణి. నామీద ప్రేమతో ఊరుకున్నాడు. నువ్వు మనిషిలోని చెడుకి కంచె కట్టమన్నావు. నన్ను పాడుచెయ్యడానికి వీళ్ళ మంచితనమే చాలమ్మా. నీ దారిన రాకపోయినా నీ గుమ్మం దగ్గరికే చేరాను, నవ్వుకో. ఆనాటి సభలో అలా నవ్వినందుకు సిగ్గుపడుతున్నాను.

నిన్న సభ పిలిచి, పాత నియమం మళ్ళీ పెడదాం, నేను దిగిపోతాను అన్నాను. ఇంకొకరు బలపరిస్తేనే కదా ఏ తీర్మానమైనా ఓటుకి వెళ్ళేది. ఒక్కరూ బలపరచలేదు. వంటావిడ కళ్ళు తుడుచుకుంది. లెక్కల టీచరు, మేం ఏం తప్పు చేశాం సార్ అని అడిగింది. మనం పెట్టిన బడిలో నన్ను కాదనే మనిషి ఒక్కరూ మిగల్లేదు.

వచ్చే శనివారానికి మళ్ళీ సభ పెట్టాను. నీ రాజీనామా ఇంకా ఎవరికీ చూపించలేదు, కాబట్టి నా తీర్మానాన్ని బలపరిచే హక్కూ, ఓటూ నీకింకా ఉన్నాయి. కొత్త ఉద్యోగంలో చేరతానంటే చేరు, అడ్డుపడను. ఆ ఒక్క పూట వచ్చి, నన్ను దించమని చెయ్యెత్తు తల్లీ.

నీకోసం గుమ్మం వైపే చూస్తూ
అన్నయ్య