నలుగురు బుధులు, ఒక్క సరఫరాదారు

కొండపంట కొనుగోలు సమాఖ్య, ఆర్థిక విభాగపు జనరల్ మేనేజరు గారి సముఖమునకు,
పెదబయలు మండలం పనసగొంది గ్రామ నివాసి గెమ్మెలి జగదీష్ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా గ్రామ కాఫీ రైతులు కిల్లో బుధు, కిల్లో బుధు, కిల్లో బుధు మరియు కిల్లో బుధు అను నలుగురిని తమ కంప్యూటరు ఒక్కరిగా నిర్ధారించి, ముగ్గురిని రద్దుపరచుట – పునరుద్ధరణ కోరుట – గురించి.

అయ్యా,

తమరు మా ఊళ్లో ముగ్గుర్ని చంపేశారు. కోపంలో అన్నమాట కాదిది. తమ కార్యాలయం పంపిన సందేశంలోనే "నకిలీ సరఫరాదారులు, శాశ్వతంగా తొలగించబడుచున్నారు" అని ఉన్నది. తొలగించబడుచున్న ఆ ముగ్గురూ ఈ క్షణాన నా అరుగు మీద కూర్చుని అంబలి తాగుతున్నారు. అర్జీదారుడికి సాక్ష్యాలు చేతికందేంత దూరంలో ఉండటం మంచిదే. కాకపోతే ఈ సాక్ష్యాలు రెండోసారి అంబలి పోయమంటున్నాయి.

నేను తమకు తెలియకపోవచ్చు. తమ చెత్తబుట్టకు బాగా తెలుసు. దళారీ వ్యవస్థ మీద నేను వేసిన కరపత్రాలు మా సంతలో ఇప్పటికీ చలామణీలో ఉన్నాయి, బజ్జీల కింద. కాఫీ రైతుల హక్కుల సాధన సమితికి కన్వీనర్ని. సభ్యులు నేనూ, నా భార్య బేబీ. ఇక ఫిర్యాదుల్లోకి వస్తాను.

1. తమ ఎలక్ట్రానిక్ బిల్లుల పోర్టల్ కావాలని ఈ మండలంలో మొట్టమొదట ధర్నా చేసినవాడిని నేనే అని సిగ్గుతో మనవి చేసుకుంటున్నాను. తమ కొనుగోలు ఉత్తర్వు, గోదాము రసీదు, రైతు పెట్టిన బిల్లు, ఈ మూడింటినీ యంత్రమే పోల్చి చూసుకుంటుందనీ, కలిస్తే చెల్లింపు దానంతటదే జరిగిపోతుందనీ, గుమస్తా ఉండడు గనక మామూళ్లూ ఉండవనీ సంతలో బల్లెక్కి చెప్పాను. "మనిషి చెయ్యి తగలని న్యాయం" అని నినాదం కూడా కట్టాను. ఇప్పుడు న్యాయం చెడింది. పట్టుకుని అడుగుదామంటే చెయ్యి దొరకడం లేదు. సదరు నినాదాన్ని ఇందుమూలముగా ఉపసంహరించుకుంటున్నాను.

2. మా వైపు బిడ్డ ఏ వారం పుడితే ఆ వారం పేరు పెట్టడం ఆనవాయితీ. సోమవారం పుడితే సోమన్న, బుధవారం పుడితే బుధు. మా ఇల్లు తప్ప ఊరంతా కిల్లో ఇంటిపేరే. వారానికి ఏడే రోజులుండటం మా ఊరి తప్పు కాదని తమరు ఒప్పుకుంటారనుకుంటాను. బుధులు నలుగురున్నారు; నలుగురి తండ్రులూ, ఆశ్చర్యపోకండి, సోమన్నలే. దీనివల్ల మాకు ఏనాడూ ఇబ్బంది రాలేదు. ఊట పక్కన ఇల్లున్నవాడు ఊట బుధు. డప్పు కొట్టేవాడు డప్పు బుధు. పొడుగ్గా ఉన్నవాడు పొడుగు బుధు. ఎవరేమన్నా నోరు విప్పనివాడు పలకని బుధు. తమ పోర్టల్లో ఊటకూ డప్పుకూ గడి లేదు; అది ఆధార్లోని పేరే అడుగుతుంది, నంబరు అడగదు. బ్యాంకు ఖాతాలు వేరువేరు కదా అని తమరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఒకే మనిషి నాలుగు ఖాతాలు తెరిచాడని యంత్రానికి అనుమానం ఇంకా ముదిరిందట.

3. అసలు నేరం ఇది. మా ఊళ్లో కాఫీ పళ్లు ఒకరి తోటలో ఒకరం కలిసి కోస్తాం, కలిసే తోలు తీస్తాం, ఒకే కళ్లంలో ఆరబోస్తాం. ఆరిన గింజని మా రైతు సంఘం నాయకురాలు కనక కాటా వేసి, కలిసి పనిచేసినవాళ్లకి సమానంగా పంచుతుంది. ఒకరికి ఒక గింజ ఎక్కువ పోయిందంటే ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఏడాది మాటలుండవు. అంచేత ఒకే పేరు, ఒకే తండ్రి, ఒకే రోజు, ఒకే రకం సరుకు, ఒకే తూకంతో నాలుగు బిల్లులు తమ యంత్రం ముందుకు వెళ్లాయి. ఒకే బిల్లు నాలుగుసార్లు పెట్టాడు దొంగ అని అది తీర్పు చెప్పింది.

అయ్యా, నేను ఇన్నేళ్లూ సమానత్వం గురించి ఉపన్యాసాలిచ్చాను. మా ఆవిడ వినలేదు, పార్టీలు వినలేదు, మైకు సెట్టువాడు మధ్యలో లేచి టీకి వెళ్లేవాడు. శ్రద్ధగా విన్నది తమ యంత్రం ఒక్కటే. నలుగుర్నీ పూర్తిగా సమానం చేసేసింది.

4. బిల్లు పెట్టాలంటే ఫోనుకి వచ్చే అంకెలు కొట్టాలి. మా ఊళ్లో సిగ్నలు తగిలేది మా పెరటి వెనక దిబ్బ మీద, అదీ నా ఫోనుకే. కాబట్టి ప్రజాసేవలో భాగంగా నలుగురికీ నా నంబరే ఇచ్చాను. పర్యవసానంగా నాకు ఒక సందేశం వచ్చింది: "మీరు అనధికార మధ్యవర్తిగా గుర్తించబడ్డారు." అనగా దళారి. జీవితమంతా దళారుల మీద దుమ్మెత్తి పోసిన నన్ను ఈ మండలంలో అధికారికంగా నమోదైన తొలి దళారిని చేశారు. బేబీకి చూపించాను. చాలాసేపు నవ్వింది. నవ్వడం అయ్యాక సమితికి రాజీనామా ఇచ్చింది.

5. అందరం దిబ్బెక్కి తమ సహాయ కేంద్రానికి ఫోను చేశాము. ఎత్తిన అమ్మాయి పేరు అనూష అట. ఆమె మర్యాదగానే మాట్లాడింది, ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. బుధులందరూ వినాలని స్పీకరు పెట్టాను. అదే పొరపాటు.

"ఒరిజినల్ బుధు గారెవరో చెప్పండి సార్. ఆయన్ని ఉంచుతాం, మిగతావి క్లోజ్ అయిపోతాయి."

"ఒరిజినలంటే ఏటి మావా?" అన్నాడు పొడుగు బుధు నాతో.

"అసలువాడు."

"అయితే నానే. ఈలందరికన్నా ముందు పుట్టినాను."

"నువ్వు ముందు పుట్టినావా? సూసినోలెవులేటి?" అని లేచాడు ఊట బుధు. "మాయమ్మ నాకెట్టిన పేరు సూసే మీయమ్మ నీకెట్టింది!"

"సార్, లైన్లో ఎవరండీ మాట్లాడుతున్నది?" అంది అనూష.

"బుధు గారమ్మా."

"ఏ బుధు గారు?"

"అందరూ."

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత, "నాకు స్క్రీన్ మీద ఒక్కరే ఉన్నారు సార్. పోనీ, బుధు వన్, బుధు టూ అని పేరు మార్చుకుని రాగలరా?" అంది.

"ఆధార్లో బుధు టూ లేడమ్మా."

"అయితే పేరు మిస్‌మ్యాచ్ వస్తుంది సార్. అప్పుడు వన్‌ని కూడా తీసేస్తుంది."

పలకని బుధు నా చేతిలోంచి ఫోను తీసుకుని, మర్యాదగా కట్ చేసి, తిరిగి నా చేతిలో పెట్టాడు. ఈ వ్యవహారం మొత్తంలో సమయోచితంగా ప్రవర్తించినవాడు అతనొక్కడే.

6. అరుగు మీది ముగ్గురి ఏడాది పంటా తమ గోదాములో ఉంది. ఈ నెలాఖరులోగా తమరు రద్దుచేసిన సరఫరాదారు కోడ్లు సరికాకపోతే ఆ బస్తాలు "హక్కుదారు లేని సరుకు" అవుతాయనీ, వేలం వేయబడుననీ తమ సందేశం. పోనీ తెచ్చేసుకుందామని వెళ్తే గోదాము కాపలాదారు, "కంప్యూటర్లో మీరు లేరు. లేనోలకి బస్తాలెలా ఇత్తాను?" అన్నాడు. తర్కంలో లోపం కనిపించక నేను తిరిగి వచ్చాను. తర్కం నా రంగం అయినప్పటికీ.

నిన్న సంతలో సుబ్బారావు గారు కనబడ్డారు. మైదానం నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టిన వ్యాపారి, నా కరపత్రాలన్నిటికీ కథానాయకుడు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇప్పించారు.

"మాస్టారూ, వేలం ఎప్పుడో కాస్త ముందుగా చెబుదురూ. మీకక్కడ పలుకుబడి ఉంది కదండీ."

"ఎవరి బస్తాలో తెలిసే అడుగుతున్నారా?"

"తెలియకేమండీ! ఊట బుధు గింజ కాస్త చిన్నది, పొడుగు బుధుది నున్నగా ఉంటుంది. వాళ్ల చిన్నప్పట్నించీ చూస్తున్నాను కదండీ."

కలిసి పంచిన గింజలో ఆ తేడాలు ఎలా కనబడ్డాయో ఆయనకే తెలియాలి. ఆ అబద్ధం నేను పట్టుకున్నాను, మనవి చేస్తున్నాను. కానీ అయ్యా, ఆ టీ బెంచీ మీదే వదిలేసి వచ్చాను. కాటాలో కొట్టేవాడికి సైతం మా మనిషి ముఖం తెలుసు, పేరు తెలుసు, ఇల్లు తెలుసు. మోసం చేయడానికైనా ఎదుటివాడు ఉన్నాడని ఒప్పుకోక తప్పలేదు వాడికి. తమ నిజాయితీపరుడైన యంత్రానికి ఆ అవసరం కూడా లేదు. మోసం పోయి న్యాయం వస్తుందని నేను బల్లెక్కి అరిచాను. మోసం పోయింది, మనిషీ పోయాడు. ఇది ప్రగతి అయితే దాని మీద నేను రాసిన వ్యాసాలన్నీ వెనక్కి ఇప్పించండి.

7. చివరిది. తమ యంత్రం ఉంచిన ఒక్కడూ డప్పు బుధు. బిల్లులు కొట్టేటప్పుడు నాకు ఎదురుగా నిలబడ్డాడు గనక ముందు అతనిది కొట్టాను. అంతకు మించి అతని అసలుతనానికి ఆధారం లేదు. అతనికి చెల్లింపు వచ్చింది. ఈ ఉదయం మిగతా ముగ్గురికన్నా ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మావా, నా కోడూ తీయించెయ్యి."

"నీకేం వచ్చిందిరా? నువ్వు బతికే ఉన్నావు కదా."

"ముగ్గురు సచ్చినోల మద్దెన నానొక్కడ్నీ బతికి ఏటి సేత్తాను? వొచ్చే ఏడు నా తోటలో పళ్లు కొయ్యడానికి ఎవులొత్తారు?"

వచ్చిన సొమ్ము ముట్టుకోలేదట. ఊట బుధు ఇంటి మీదుగా రావలసి వస్తుందని పక్కదారిన నడిచి వచ్చాడట.  

కావున పై సంగతులను తమ దయగల హృదయముతో, అది అందుబాటులో లేనిచో కనీసము తమ స్వంత కళ్లతో, చిత్తగించవలెను.

తమ విధేయుడు (విధేయత నా సిద్ధాంతానికి విరుద్ధము, నమూనాలో ఉన్నందున వ్రాయడమైనది),
గెమ్మెలి జగదీష్

తా.క.: సంతకం పెట్టాక ఇదంతా కనకకు చదివి వినిపించాను. అరుగు మీది వాళ్లూ విన్నారు.

"ఇంత రాసినావు, మనకేటి కావాలో ఎక్కడ రాసినావు మావా?" అంది.

"అంతర్లీనంగా ఉందమ్మా."

"లోపల దాసేత్తే ఆలకెలా కనపడతాది? నాను సెప్తాను, బేగి రాయి."

ఆమె చెప్పినది చెప్పినట్టు:

1. బస్తాల వేలం ఆపాలి. ఈ ఉత్తరం అందిన రోజే.

2. ఊట బుధు, పొడుగు బుధు, పలకని బుధు కోడ్లు తెరవాలి. వాళ్ల బిల్లులకు చెల్లింపు చెయ్యాలి.

3. ఫోను లేనివాళ్లు గోదాములోనే వేలిముద్ర వేసి బిల్లు పెట్టే ఏర్పాటు ఉండాలి.

4. జగదీష్ పేరు పక్కన దళారి అన్న మాట తీసెయ్యాలి. (ఇది ఆమె చెప్పలేదు. ఆమె నీళ్లు తాగుతుండగా నేను చేర్చాను.)

5. ఎవరి మీదనైనా అనుమానం వస్తే యంత్రం అక్కడ ఆగాలి. మనిషి ఊరొచ్చి అడగాలి.

6. ఇవి కుదరకపోతే డప్పు బుధు కోడు కూడా మూసెయ్యండి, అతనికేసిన సొమ్ము వెనక్కి తీసుకోండి. నలుగురి బస్తాలూ నలుగురికీ తిరిగిచ్చెయ్యండి.