కళ్ళు మూసుకున్నప్పుడు విన్న మాట

బస్సులో,
గురువారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కకు,

ప్రభువు నామంలో మీ బ్యాక్‌లాగు చెల్లి వందనాలు. ముందు చెప్పండి, భోంచేశారా? కష్టంలో ఉన్నవాళ్ళకు అన్నం ముందు, వాక్యం తర్వాత అని మన క్యాంపస్ సహవాసానికి నేర్పింది మీరే కదా, అందుకే అక్కడి నుంచే మొదలుపెట్టాను. బస్సు కుదుపులకు అక్షరాలు కోడి కెలికినట్టు వస్తున్నాయి, తిట్టుకోకుండా చదవండి.

మీరు సెలవు పెట్టి వెళ్ళిపోయాక ప్రార్థన కూటాన్ని మెడిసిన్ చదివే మన డాక్టరమ్మ నడిపిస్తోంది. మొదలుపెట్టడమే గానీ ఆపడం తెలియదు ఆవిడకి. ల్యాబ్ వెనక గదిలో కుర్చీలు మీరు వేయించినట్టే గుండ్రంగా వేస్తున్నాం. మీ కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోవడం లేదు.

ఇక నాకు పెట్టిన కాపలా సంగతి. మీరు వెళ్ళకముందు కూటం జరిగిన ఆ రోజు మీకూ గుర్తుండే ఉంటుంది. లైటు ఆర్పి, కళ్ళు మూసుకుని, పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని ఎవరి బరువు వాళ్ళు గుసగుసగా దేవుడికి చెప్పుకోవడం, కళ్ళు మూసుకున్నప్పుడు విన్నది కళ్ళు తెరిచాక ఎవరినీ అడగకపోవడం మన నియమం. ఆ చీకట్లో ఎవరో అన్నారు, "ప్రభువా, నాకిక బతకాలని లేదు" అని. గుసగుసలో గొంతు ఎవరిదో ఎలా తెలుస్తుంది? కానీ లైటు వేసేసరికి అందరి చూపులూ నా మీదే. ఉండవూ మరి? ఒకే పేపరు మళ్ళీ మళ్ళీ తప్పి, బ్యాక్‌లాగు అని పేరు పడి, క్లాసులు మానేసి, తల దువ్వుకోకుండా తిరుగుతున్నది నేనే కదా.

నేను కాదు మొర్రో అంటే ఒక్కరూ వినలేదు. ఒప్పుకోవడం కష్టమేలే అని డాక్టరమ్మ నా తల నిమిరింది. వాళ్ళనీ అనడానికి లేదు. పోయినేడు హాస్టల్లో చివరి గది అమ్మాయిని ఇలాగే పోగొట్టుకున్న భయం వాళ్ళది. నన్ను ఒంటరిగా మెట్లు కూడా దిగనివ్వలేదు. బాత్రూం గడియ ఊడపీకారు. దాంతో లోపల మనిషి ఉందని తెలియడానికి స్నానం చేసినంతసేపూ కీర్తనలు పాడాల్సి వస్తోంది. నా గొంతు సంగతి మీకు తెలుసుగా, పక్క గదివాళ్ళు విశ్వాసం పోగొట్టుకునేలా ఉన్నారు. నవ్వారా అక్కా? ఒక్కసారి నవ్వండి.

కాపలాకి వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేక నాకు పాఠాలు చెప్పారు. ఆ పాడు పేపరు గట్టెక్కాను. మీకే ముందు చెబుదామని ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు.

మొదటిసారి తప్పినప్పుడు నేను గదిలో గడియ పెట్టుకుని పడుకున్నాను. వార్డెన్ తలుపు బాది, ఇంటికి కబురు పెడతానని బెదిరించి వెళ్ళిపోయింది. మీరు వచ్చి వరండాలో నేల మీద కూర్చున్నారు. వాక్యం చెప్పలేదు, బుద్ధులు చెప్పలేదు. చాలాసేపటికి, "మాట్లాడక్కర్లేదు చెల్లీ. లేచి గడియ ఒక్కటి తియ్యి, చాలు" అన్నారు. తీశాను. అందుకే ఇవాళ ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

మేమందరం మా ఏడుపులన్నీ మీ దగ్గర దింపుకుని తేలికపడి క్యాంటీన్‌కి పోయేవాళ్ళం. ఎలా ఉన్నారక్కా అంటే "దేవుని కృప వల్ల బాగున్నాను" అనేవారు. ఆ జవాబు మీద రెండో ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆ చివరి గది అమ్మాయి శవపేటిక దగ్గర వాళ్ళ అమ్మానాన్నల్ని, మమ్మల్ని, చివరికి వార్డెన్ని కూడా ఓదార్చింది మీరే. మిమ్మల్ని ఎవరు ఓదార్చారో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

దిగాల్సిన చోటు వచ్చేసింది.

ఇట్లు,
మీ చెల్లి
బ్యాక్‌లాగు (పాసైనా పేరు పోలేదు)

తా.క. ఇది మీ గుమ్మం ముందు కూర్చుని రాస్తున్నాను. తలుపు కొడితే "నిద్రపోతున్నాను, వెళ్ళిపో" అన్నారు. నేను వెళ్ళను. పొద్దున మీరు గీతలు గీసుకున్న బైబిలు, మీ శాలువా, టీ కెటిలు హాస్టలుకు పంపించారు, ఎవరికైనా ఇచ్చేయమని. ఎంత మంచి మనసో అని డాక్టరమ్మ మురిసిపోయింది. నేను పరిగెత్తి బస్సెక్కాను. ఆ రోజు చీకట్లో మీ చెయ్యి నా చేతిలోనే ఉంది అక్కా. ఆ మాట వినపడినప్పుడు వణికింది ఆ చెయ్యే. నియమం మీరే పెట్టారు కదా అని అడగలేదు. అందరం కలిసి కాపలా కాసింది కాయాల్సిన మనిషికి కాదు. ఇప్పుడు కళ్ళు తెరిచే అడుగుతున్నాను, ఆ మాట మీదేనా?

డాక్టరమ్మకు ఫోన్ చేశాను, బయల్దేరింది. మీ ఇంటి ఓనరు కూడా వస్తున్నాడు. వాళ్ళు వచ్చి తలుపు బాదకముందే ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను. మాట్లాడక్కర్లేదు అక్కా. లేచి గడియ ఒక్కటి తీయండి, చాలు.